కాన్పుల వార్డులో కెరీర్ ఏముంటుంది?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి విశాఖలోనే బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. లేబర్ రూమ్ పోస్టింగ్ అయినప్పటి నుంచి కాన్పుల వైపే వెళ్తానంటోంది. మందులు లేకుండా పురిటినొప్పులు తగ్గించే పద్ధతులు నర్సులకు ఎంతవరకు తెలుసో ప్రాజెక్టు కూడా చేస్తోంది. ఐసీయూ అనుభవం ఉంటే గల్ఫ్ ఉద్యోగం తేలికని బంధువులు అంటున్నారు. నడుం రుద్దడం నేర్చుకుంటే కెరీర్ ఏముంటుంది?

జవాబు: నడుం రుద్దడమని తేలిగ్గా అనేశారు గానీ, అందులో చాలా పని ఉందండీ. బిడ్డ తల వెనకభాగం తల్లి వెన్ను వైపు తిరిగి ఉంటే నొప్పి ఎక్కువగా నడుములోకే దిగుతుంది. అప్పుడు పైపైన రాస్తే సరిపోదు. నొప్పి వస్తున్నంతసేపూ నడుం కింది ఎముక మీద అరచేత్తో గట్టిగా అదిమి పట్టాలి. ఒత్తిడి, స్పర్శ వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు వివరించారు. మసాజ్, వేడి కాపడం, శ్వాస పద్ధతులు, సంగీతం - ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉన్నవే. తల్లిని పడుకోబెట్టేయకుండా నడవనివ్వడం, తను కోరుకున్న మనిషిని పక్కన ఉండనివ్వడం కూడా అందులో ఉన్నాయి. నొప్పి పూర్తిగా పోతుందని ఎవరూ చెప్పరు. ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర మందు ఎక్కించి నొప్పి తగ్గించే పద్ధతి) కావాలన్న తల్లికి ఇవి దానికి బదులూ కావు. అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడు ఆపాలో తెలియడం. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కడుపు మెత్తబడకుండా గట్టిగానే ఉన్నా, రక్తస్రావం కనిపించినా, మసాజ్ మాట పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌ను పిలవాలి. ఈ తేడా పట్టుకోగలిగే నర్సుకు విలువ ఉంటుంది.

ఇక కెరీర్. కాన్పుల్లో అనుభవం ఉన్న రిజిస్టర్డ్ నర్సుల కోసం నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ (మిడ్‌వైఫరీ అంటే కాన్పులు చూసే విద్య) అనే 18 నెలల కోర్సు ఉంది. కేంద్రం 2018లో ప్రకటించిన మిడ్‌వైఫరీ సేవల్లో భాగం ఇది. బోధన ఇష్టమైతే ఒక ఏడాది పనిచేశాక ఎమ్మెస్సీలో ప్రసూతి నర్సింగ్ తీసుకోవచ్చు. ఏ దారిలో వెళ్లినా ముందు చేయి తిరగాలి, అందుకే మొదటి ఉద్యోగం జీతం చూసి ఎంచుకోవద్దంటాను. ఘోషాసుపత్రి, కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో అవకాశం వస్తే వదులుకోవద్దు. ప్రైవేటులో అయితే ఇంటర్వ్యూలోనే అడగమనండి: కాన్పు సమయంలో తోడు మనిషిని రానిస్తారా? మంచాల మధ్య తెరలుంటాయా? ఒక డ్యూటీలో ఒక్కో సిస్టర్ ఎంతమందిని చూడాలి? నా లెక్కలో మూడో ప్రశ్నే అసలుది. ఎంత తెలిసినా, ఒకేసారి అరడజనుమందిని చూడాల్సిన నర్సు ఎవరి నడుమూ పట్టలేదు.

విదేశాల విషయంలో మీ బంధువులు చెప్పేది పూర్తిగా తప్పేమీ కాదు, ఐసీయూ వాళ్లకు గిరాకీ ఉంది. అయితే లేబర్ రూమ్ నర్సులను కూడా గల్ఫ్ ఆసుపత్రులు తీసుకుంటాయి. బ్రిటన్ సంగతి వేరు. అక్కడ నర్సు, మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్లు వేర్వేరు. మన దగ్గర రెండూ కలిపి ఇస్తారు కాబట్టి అక్కడా చెల్లుతుందని ఏ ఏజెంటయినా చెబితే డబ్బు కట్టకండి.

ప్రాజెక్టు గురించి ఒక్క మాట. ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేస్తే పుస్తకంలో ఉన్నది ఎంత గుర్తుందో మాత్రమే తెలుస్తుంది. వీలైతే, ఎథిక్స్ కమిటీ అనుమతితో, తల్లుల అంగీకారంతో, డ్యూటీలో ఏ పద్ధతులు నిజంగా వాడుతున్నారో, వాడనివి ఎందుకు వాడటం లేదో కూడా నమోదు చేయమనండి. ఎమ్మెస్సీకి వెళ్తే డిసర్టేషన్‌కు అదే పనికొస్తుంది.