స్విఫ్ట్, ఐబ్యాన్, రూటింగ్ నంబరు: విదేశీ చెల్లింపులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేం డబ్బు పంపాల్సిన సంస్థ ఒక బిల్లుమీద 8 అక్షరాల స్విఫ్ట్ కోడ్, ఇంకో బిల్లుమీద 11 అక్షరాల కోడ్ వేసింది. ఏది వాడాలి?

జవాబు: మొదటి 8 అక్షరాలూ రెండింట్లోనూ ఒకటే అయితే ఏది రాసినా ఫరవాలేదు. విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్‌నే బిక్ అని కూడా అంటారు. దాన్ని ముక్కలుగా విడగొట్టి చదవండి. మొదటి నాలుగు బ్యాంకువి, తర్వాతి రెండు దేశానివి, ఆ తర్వాతి రెండు ఊరికి లేదా ప్రాంతానికి గుర్తు. ఇక్కడికి 8. చివర మూడు ఉంటే అవి బ్రాంచివి. జర్మనీలోని డాయిష్ బ్యాంక్ కోడ్ చూడండి: డీఈయూటీ-డీఈ-ఎఫ్ఎఫ్. డీఈయూటీ బ్యాంకు, డీఈ జర్మనీ, ఎఫ్ఎఫ్ ఫ్రాంక్‌ఫర్ట్. చివర మూడు ఎక్స్‌లు కనిపిస్తే హెడ్డాఫీసు అని అర్థం. అవి రాయకపోయినా హెడ్డాఫీసే. కాబట్టి ఫారం 11 గడులూ నింపితే తప్ప కదలనంటే చివర మూడు ఎక్స్‌లు చేర్చేయండి.

చాలా బ్రాంచిలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. అలాంటప్పుడు ఆ బ్యాంకు విదేశీ చెల్లింపులకు వాడే కోడ్ ఇస్తే చాలు. అందుకునేవారి ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఖాతా నంబరే ఆ బ్యాంకుకు చెబుతుంది. పక్క బ్రాంచి కోడ్ ఊహించి రాయడం మాత్రం వద్దు.

ఇండియాలోని ఖాతాకు పంపేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇంకోచోట. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌కూ 11 అక్షరాలే ఉండటంతో దాన్ని తెచ్చి స్విఫ్ట్ గడిలో వేస్తుంటారు. తేడా ఐదో స్థానంలో తెలిసిపోతుంది. ఐఎఫ్ఎస్‌సీలో అక్కడ ఎప్పుడూ సున్నానే. స్విఫ్ట్ కోడ్‌లో అయిదు, ఆరు స్థానాల్లో దేశం అక్షరాలుంటాయి, ఇండియాకైతే ఐఎన్.

ప్రశ్న: 2,000 డాలర్లు పంపాను. మా బ్యాంకు చార్జీ విడిగా కట్టాను. అవతల 1,965 మాత్రమే జమయింది. మిగతా 35 ఎవరు తీసుకున్నారు?

జవాబు: దారిలో ఉన్న బ్యాంకులు. స్విఫ్ట్ డబ్బును మోయదు. 1973లో బెల్జియంలో మొదలైన ఆ సంస్థ బ్యాంకుల మధ్య సందేశాలు మాత్రమే చేరవేస్తుంది. డబ్బు కదిలేది ఒక బ్యాంకుకు మరో బ్యాంకులో ఉన్న ఖాతాల మీదుగా. మీ బ్యాంకుకూ అవతలి బ్యాంకుకూ అలాంటి ఖాతా నేరుగా లేకపోతే, ఇద్దరికీ ఖాతాలున్న మూడో బ్యాంకు మధ్యలోకి వస్తుంది. ఒక్కోసారి నాలుగోది కూడా. ప్రతి మధ్యవర్తి బ్యాంకూ తన చార్జీని అసలు మొత్తంలోంచే కోసుకోవచ్చు.

దాన్ని ఎవరు భరించాలో చెప్పే గడి ఒకటి ఫారంలో ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటేస్తారు. ‘అవర్’ అంటే చార్జీలన్నీ పంపేవారివి. ‘షా’ అంటే పంపే బ్యాంకు చార్జీ పంపేవారిది, మిగతావి అందుకునేవారివి. ‘బెన్’ అంటే అన్నీ అందుకునేవారివి. కొత్త సందేశాల్లో వీటినే డెబ్ట్, షార్, క్రెడ్ అంటున్నారు. మీరు ఏదీ ఎంచకపోతే సాధారణంగా ‘షా’ పడుతుంది. మీ విషయంలో జరిగింది అదే అయ్యుంటుంది.

కాలేజీ ఫీజు, అద్దె అడ్వాన్సు, సరుకు బిల్లు లాంటివి పైసాతో సహా సరిపోవాలి. తగ్గితే అవతలివాళ్లు మొత్తం చెల్లింపునే పెండింగులో పెట్టేస్తారు. వీటికి ‘అవర్’ ఎంచండి. అయినా అందుకునే బ్యాంకు తన ఖాతాదారు దగ్గర జమ చార్జీ తీసుకునే పద్ధతి ఉంటే అది ‘అవర్’లో ఆగకపోవచ్చు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: ‘కమీషన్ లేదు’ అన్న సంస్థకూ, చార్జీ తీసుకునే బ్యాంకుకూ మధ్య ఎలా తేల్చుకోవాలి?

జవాబు: చార్జీని పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడగండి: నా ఖాతాలోంచి ఇంత పోతే, అవతలి ఖాతాలో ఎంత పడుతుంది? మార్కెట్లో డాలరుకు 0.90 యూరో నడుస్తోందనుకోండి. కమీషన్ లేదన్నవాళ్లు 0.882 ఇస్తే, 1,000 డాలర్లకు 900 బదులు 882 యూరోలే వస్తాయి. 18 యూరోలు రేటులో పోయాయి. అదే మార్కెట్ రేటు ఇచ్చి 8 యూరోల చార్జీ తీసుకునేవాళ్ల దగ్గర 892 అందుతాయి. రెండు చోట్లా రేటు ఒకే సమయంలో చూడాలి, ఒకచోట ఉదయం, ఇంకోచోట సాయంత్రం చూస్తే ఆ పోలిక పనికిరాదు.

ప్రశ్న: ఫారంలో ఐబ్యాన్ తప్పనిసరి అంటోంది. అందుకునేవారి బ్యాంకేమో మా దగ్గర ఐబ్యాన్ ఉండదంటోంది.

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఐబ్యాన్ అంటే దేశం, బ్యాంకు, ఖాతా గుర్తులన్నీ ఒకే వరుసలో ఉండే అంతర్జాతీయ ఖాతా నంబరు. దాదాపు ఐరోపా అంతటా, గల్ఫ్ దేశాల్లో, ఇంకా చాలాచోట్ల అది ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇండియాల్లో లేదు. ఫారంలో దేశం సరిగ్గా ఎంచితే చాలామటుకు ఐబ్యాన్ గడి పోయి ఖాతా నంబరు గడి వస్తుంది. బ్యాంకు ఉన్న దేశం ఎంచాలి, మనిషి ఉన్న దేశం కాదు. తిప్పలన్నీ ఇక్కడే.

స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరుతోపాటు ఆయా దేశాల సొంత కోడ్ కూడా అడుగుతారు. అమెరికాకు 9 అంకెల రూటింగ్ నంబరు, ఆస్ట్రేలియాకు 6 అంకెల బీఎస్‌బీ, కెనడాకు 5 అంకెల ట్రాన్సిట్ నంబరు, 3 అంకెల సంస్థ నంబరు, మెక్సికోకు 18 అంకెల క్లాబే. బ్రిటన్‌లో 6 అంకెల సార్ట్ కోడ్ ఐబ్యాన్‌లోనే ఇమిడి ఉంటుంది. అమెరికా విషయంలో ఒక జాగ్రత్త: కొన్ని బ్యాంకులకు ఏసీహెచ్‌కు (దేశం లోపలి మామూలు బదిలీలకు) ఒక రూటింగ్ నంబరు, వైర్‌కు (బ్యాంకు నుంచి బ్యాంకుకు విడిగా పంపే బదిలీకి) ఇంకొకటి ఉంటాయి. చెక్కు అడుగున అచ్చయిన నంబరు వైర్‌కు పనికొస్తుందన్న భరోసా లేదు. ‘బయటి దేశం నుంచి వచ్చే వైర్‌కు ఏ నంబరు?’ అని ఇవే మాటల్లో తమ బ్యాంకును అడగమని అందుకునేవారికి చెప్పండి.

ప్రశ్న: ఐబ్యాన్‌లో ఒక అంకె తప్పు కొడితే డబ్బు వేరేవాళ్లకు పోతుందా?

జవాబు: ఒక్క అంకె తప్పయితే పోదు, కొట్టిన చోటే ఆగిపోతుంది. ఐబ్యాన్‌లో మొదటి రెండు దేశం అక్షరాలు, తర్వాతి రెండు పరీక్ష అంకెలు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో ఒక నమూనా నంబరుతో చూద్దాం: డీఈ89 3704 0044 0532 0130 00. జర్మనీ ఐబ్యాన్‌లన్నీ ఇలాగే 22 స్థానాలు. డీఈ89 తర్వాత 8 అంకెలు బ్యాంకువి, మిగతా 10 ఖాతావి. మొదటి నాలుగింటినీ తీసి చివరికి చేర్చాలి. అక్షరాలకు అంకెలు వేయాలి: ఏకు 10, బీకి 11, అలా డీకి 13, ఈకి 14. ఇప్పుడు వచ్చిన పెద్ద సంఖ్య 370400440532013000131489. దాన్ని 97తో భాగిస్తే శేషం సరిగ్గా 1 రావాలి. వచ్చింది. ఎక్కడైనా ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం 1 రాదు. 97 ప్రధాన సంఖ్య కాబట్టి ఈ రెండు రకాల తప్పులూ దాని కన్నుగప్పలేవు.

కానీ ఈ పరీక్ష నంబరు కుదిరిందా లేదా అనే చెబుతుంది. అది ఎవరి నంబరో చెప్పదు. పొరపాటున వేరే మనిషి ఐబ్యాన్ మొత్తంగా అతికిస్తే పరీక్ష హాయిగా నెగ్గుతుంది. ఐబ్యాన్ లేని దేశాల ఖాతా నంబర్లకైతే మీ ఫారం ఇలాంటి రక్షణ ఇస్తుందని నమ్మొద్దు. అక్కడ నాలుగేసి అంకెల చొప్పున ఇంకొకరు చదువుతుంటే సరిచూసుకోవడమే దారి.

ప్రశ్న: పంపి అయిదు రోజులైంది. మా బ్యాంకు ‘మా వైపు నుంచి వెళ్లిపోయింది’ అంటోంది. ఎక్కడుందో తెలుసుకోలేమా?

జవాబు: తెలుసుకోవచ్చు. ‘వెళ్లిపోయింది’ అన్న మాటతో వెనుదిరగకండి. ముందు క్యాలెండర్ చూడండి: రెండు దేశాల సెలవులే కాక, ఆ కరెన్సీ దేశపు సెలవులు కూడా లెక్కకొస్తాయి. డాలర్లు పంపితే అమెరికా సెలవు రోజున కదలవు.

తర్వాత యూఈటీఆర్ నంబరు, అంటే చెల్లింపు జాడ పట్టే నంబరు అడగండి. 2018 నవంబరు నుంచి స్విఫ్ట్‌లో వెళ్లే ప్రతి చెల్లింపుకూ ఇది తప్పనిసరి. గీతలతో కలిపి 36 స్థానాలుంటాయి, మొదటి నుంచి చివరిదాకా మారదు. దాంతో మీ బ్యాంకు సందేశం ఏ బ్యాంకులో ఆగిందో చాలాసార్లు చూడగలదు. అలాగే చెల్లింపు సందేశం కాపీ తీసుకోండి. 2025 నవంబరులో విదేశీ చెల్లింపు సందేశాలు ఐఎస్ఓ 20022 అనే కొత్త పద్ధతికి మారినా, కౌంటర్లలో ఇంకా పాత సందేశం పేరుతో ‘ఎంటీ103 కాపీ’ అంటేనే త్వరగా అర్థమవుతుంది. దాన్ని అందుకునేవారికి పంపితే వాళ్ల బ్యాంకు వెతకడం తేలిక.

ఆగడానికి మామూలు కారణాలు కొన్నే. పేరు ఖాతాలో ఉన్నట్టు లేకపోవడం, పొడి అక్షరాలు ఒకచోట, పూర్తి పేరు ఇంకోచోట. చిరునామాలో పట్టణం, దేశం విడిగా రాయకపోవడం. సంస్థ పేరులో ‘అండ్’ గుర్తు, ‘ఎట్’ గుర్తు లాంటివి వాడటం: పాత స్విఫ్ట్ అక్షర జాబితాలో వాటికి చోటు లేదు. ఎందుకు పంపుతున్నారో రాయకపోవడం. ఆంక్షల జాబితాలోని పేరుతో మీ వారి పేరు కలిస్తే మనిషి చూసి తేల్చేదాకా ఆపుతారు. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలు అడిగితే అదే రోజు ఇచ్చేయండి, జాప్యం సగం మన దగ్గరే జరుగుతుంది.

ప్రశ్న: వేరే ఖాతాకు పంపేశాను. వెనక్కి వస్తుందా?

జవాబు: నిమిషాల మీద కదలండి. మీ బ్యాంకుకు ఫోన్ చేసి ‘రీకాల్’ (డబ్బు వెనక్కి పంపమనే అభ్యర్థన) వేయమనండి, రిఫరెన్సు నంబరు తీసుకోండి. ఇంకా జమ కాకపోతే వెనక్కి వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. జమయ్యాక సాధారణంగా ఆ ఖాతాదారు ఒప్పుకుంటేనే బ్యాంకు తిరిగి ఇస్తుంది. అమెరికా నుంచి వ్యక్తులు సొంత అవసరాలకు పంపేవాటిని, అవతల ఇంకా జమ కాకపోతే, డబ్బు కట్టిన 30 నిమిషాల్లోపు రద్దు చేసుకునే హక్కుంది. వెనక్కి వచ్చేటప్పుడు చార్జీలు, మారిన రేటు వల్ల మొత్తం తగ్గొచ్చు.

ప్రశ్న: సరుకు పంపే సంస్థ నుంచి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వచ్చింది. కొత్త ఐబ్యాన్ సరైనదేనని పరీక్షలో తేలింది.

జవాబు: పంపకండి. మోసగాడి ఐబ్యాన్ కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాకుండా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి నోటితో నిర్ధారించుకోండి. ఐబ్యాన్ మొదటి రెండు అక్షరాలు ఆ సంస్థ లేని దేశానివైతే అనుమానం మరింత గట్టిపడాలి. యూరోను వాడే దేశాల్లో 2025 అక్టోబరు 9 నుంచి యూరో చెల్లింపులకు ముందు పేరూ ఐబ్యానూ సరిపోయాయో లేదో బ్యాంకు చెప్పి తీరాలి. అక్కడ ‘సరిపోలేదు’ అని వస్తే దాటేసి ముందుకు వెళ్లొద్దు. ఆ హెచ్చరిక తర్వాత పంపితే నష్టం మీ మీదే పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నా ఐబ్యాన్, స్విఫ్ట్ కోడ్ ఇతరులకు ఇస్తే నా డబ్బు తీసేసుకోగలరా?

జవాబు: డబ్బు వేయడానికి ఇవ్వక తప్పదు, బిల్లుల మీద సంస్థలు అచ్చువేసేవీ ఇవే. యూరో ప్రాంతంలో ఐబ్యాన్ తెలిసినవాళ్లు డైరెక్ట్ డెబిట్ (మీ ఖాతాలోంచి వాళ్లే డబ్బు లాగే పద్ధతి) వేసే ప్రయత్నం చేయొచ్చు. అలా పోతే 8 వారాల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి అడగొచ్చు, మీరు అసలు అనుమతే ఇవ్వకపోతే 13 నెలల దాకా గడువుంది. పిన్, ఓటీపీ, కార్డు వెనక మూడంకెలు అడిగేవాళ్లు మాత్రం డబ్బు వేయడానికి అడగడం లేదు.