బోర్డు కొత్తవాళ్ల చేతికే ఇవ్వండి

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ క్లబ్‌లో ఆర్డుయినో (కోడ్ రాసి లైట్లు, మోటార్లు నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) నేర్పిస్తున్నాం. మొదటి మీటింగ్‌కి ఫస్టియర్ వాళ్లతో గది నిండిపోతుంది. కొన్ని వారాలకి మళ్లీ పాతవాళ్లమే మిగులుతున్నాం. ఏ కిట్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: కొత్త కిట్ అక్కర్లేదు, మీ దగ్గరున్న ఆర్డుయినో ఊనో బోర్డులు చాలు. మొదటిరోజు అవి ఎవరి చేతుల్లో ఉంటున్నాయో చూసుకోండి. సీనియర్లు రోబో నడిపి చూపిస్తే కొత్తవాళ్లు చప్పట్లు కొట్టి, ‘ఇది మనవల్ల కాదులే’ అనుకుని వెళ్లిపోతారు. దాని బదులు మొదటి గంటలోనే ప్రతి ఒక్కరితో ఒక ఎల్‌ఈడీ వెలిగించేలా చేయండి.

ఇంత చిన్న పనిలోనూ ఆగిపోయే చోట్లున్నాయి. బోర్డు మీద పవర్ లైట్ వెలుగుతుంది, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో పోర్ట్ (బోర్డుకి కోడ్ పంపే దారి) మాత్రం కనపడదు. ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని యూఎస్‌బీ కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలుండవు. కేబుల్ బాగానే ఉంటే డ్రైవర్, అంటే కంప్యూటర్ బోర్డుని గుర్తుపట్టడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్, చూడాలి. తక్కువ ధర క్లోన్ (నకలు) బోర్డుల్లో చాలావాటికి యూఎస్‌బీ సంగతి చూసే సీహెచ్340 చిప్ ఉంటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో దాని డ్రైవర్ విడిగా వేసుకోవాలి. తెలిసినవాళ్లకి ఇదొక పనే కాదు. కొత్తవాళ్లు మాత్రం తప్పు తమదే అనుకుని టెన్షన్ పడతారు. అందుకే ముందురోజే కేబుళ్లన్నీ పరీక్షించి, పనిచేసేవాటికి రంగు టేపు చుట్టండి. డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఎల్‌ఈడీ వెలగకపోతే సీనియర్లు చటుక్కున బోర్డు లాక్కుని సరిచేసేస్తారు. సాయం చేయాలన్న ఆత్రమే, కాదనను. కానీ నేర్చుకునే అవకాశం అక్కడే పోతుంది. “పొడుగు కాలు ఎటు పెట్టావు తమ్ముడూ?” అని అడిగి ఆగండి. పొడుగు కాలు ప్లస్ వైపుంటేనే ఎల్‌ఈడీ వెలుగుతుందని గుర్తొచ్చి, తనే తిప్పి పెట్టుకుంటాడు. 220 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకో చెప్పడానికి అదే సమయం. బోర్డు పిన్ ఇచ్చే 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 పోతాయి, మిగతా 3 రెసిస్టర్ మీద పడతాయి, కరెంటు 14 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఓమ్ నియమం ఇలా ఎక్కినట్టు స్లైడ్లతో ఎక్కదు.

న్యూయార్క్‌లో ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే రికర్స్ సెంటర్‌లో ఒక నియమం ఉంది: ఎదుటివాళ్లకి ఏదైనా తెలియదంటే ఆశ్చర్యం నటించకూడదు. మీరూ పెట్టుకోండి. “ఏంటి, బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చే పలక) కూడా తెలీదా?” అన్న ఒక్క మాట చాలు, ఆ పిల్ల మళ్లీ రాదు. అలాగే వైరింగ్ అబ్బాయిలకి, నోట్సు రాయడం అమ్మాయిలకి అన్న పంపకం జరగనివ్వకండి. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్ సంగతి: బోర్డు లేనివాళ్లు టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో సర్క్యూట్ గీసి, కోడ్ రాసి నడిపి చూడొచ్చు. ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లు సరిపోతాయి. అయినా అసలు బోర్డులని బీరువాలో తాళం వేసి ఉంచొద్దు. రిజిస్టర్‌లో సంతకం తీసుకుని వారం పాటు ఇంటికివ్వండి. ఒకటీ అరా కాలిపోతే ఆ ఖర్చు క్లబ్ ఖాతాలో రాసుకోండి, పిల్లల దగ్గర వసూలు చేయకండి.