ఏసీ మార్చబోతున్న అమ్మాయికి పెదనాన్న లేఖ

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

మీ పడకగదిలోని ఏసీకి గ్యాస్ నింపించిన కొద్ది రోజులకే మళ్లీ గాలి వెచ్చగా వస్తోందనీ, మరమ్మతు చేయించాలో కొత్తది కొనాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. ఆ గదిలో పడుకొనేది మీ అత్తగారు కాబట్టి దీన్ని వాయిదా వేయవద్దు. విజయవాడ సత్యనారాయణపురంలో మీది పై అంతస్తు; రోహిణి కార్తెలో పగలంతా కాగిన శ్లాబు తెల్లవారుజాము దాకా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది, వయసు మళ్లినవారికి ఆ రాత్రి వేడి చాలా ప్రమాదకరం. ఇన్నేళ్లు ఈ యంత్రాలను బిగించి, విప్పి, బాగుచేసిన అనుభవంతో చెబుతున్నాను కాబట్టి నిదానంగా చదువు, మీ ఆయన చేత కూడా చదివించు.

మరమ్మతా, మార్పిడా అన్నది ఏది చెడిందన్న దాన్నిబట్టి నిర్ణయించాలి. మోటార్లు తిరగడం మొదలుపెట్టేందుకు తోడ్పడే కెపాసిటర్ అనే చిన్న భాగం పోయినా, ఫ్యాన్ మోటారు కాలినా బాగుచేయించుకోవడమే మంచిది. అవి తక్కువ ఖర్చుతో అయ్యే పనులు, వాటికోసం యంత్రాన్ని పారేయమని చెప్పే మెకానిక్‌ను నమ్మవద్దు. నీ సంగతి వేరు. ఏసీలో గ్యాస్ వాడకంతో తరిగిపోదు; తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు వెతకకుండా నింపిన గ్యాస్ మళ్లీ ఆ దారినే పోయింది. మీ యంత్రం పద్నాలుగేళ్ల నాటిదని అన్నావు గనుక అందులో ఉన్నది ఆర్-22 గ్యాస్ అయి ఉండవచ్చు, యంత్రం పక్కన అతికించిన రేకు మీద చూడు. ఓజోన్ పొరకు హాని చేస్తుందన్న కారణంగా 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని క్రమంగా తొలగిస్తున్నారు. మన దేశంలో కొత్త యంత్రాల తయారీలో దాని వాడకం 2024 చివరితో ముగిసింది, మరమ్మతులకు దొరికేది కూడా ఏటికేడు తగ్గిపోతుంది. గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట అయిన కాయిల్‌లోనే లీకు ఉంటే, అది ఆర్-22 యంత్రమే అయితే, దాని మీద ఇక ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

కొనే ముందు డాబా ఎక్కి చూడండి. శ్లాబు మీద సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించినా, ఎండను తిప్పికొట్టే తెల్లటి రంగు వేయించినా గదిలోకి దిగే వేడి స్పష్టంగా తగ్గుతుంది. పడమటి గోడకున్న కిటికీకి లోపలి కర్టెన్ సరిపోదు, ఎండ అద్దం మీద పడకుండా బయటనే తడికో వెదురు చాపో కట్టించాలి. ఈ పని ముందు చేయించమనడానికి కారణం ఉంది: యంత్రం ఎంత పెద్దది కావాలన్నది గదిలోకి వచ్చే వేడిని బట్టి తేలుతుంది, ఆ వేడిని తగ్గించకుండా యంత్రాన్ని పెద్దది చేసుకుంటూ పోతే బిల్లు మాత్రమే పెరుగుతుంది.

ఇక టన్నుల విషయం. ఒక టన్ను అంటే 3,517 వాట్ల వేడిని గదిలోనుంచి బయటకు లాగే శక్తి, ఆ లెక్కన ఒకటిన్నర టన్ను అంటే సుమారు 5,275 వాట్లు ఉండాలి. దుకాణంలో మాత్రం ఐదు వేల వాట్లకు లోపు ఉన్నవి కూడా ఒకటిన్నర టన్ను పేరుతోనే అమ్ముడవుతున్నాయి. అందుకే టన్ను మాట పక్కన పెట్టి, లేబుల్ మీద వాట్లలో ఇచ్చిన శీతలీకరణ సామర్థ్యాన్ని చదువు. ఆ అంకె కూడా బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. మే నెలలో విజయవాడలో 44, 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వలేదు. మీ గది సుమారు 150 చదరపు అడుగులు, పైన ఎండ పడే శ్లాబు ఉంది కాబట్టి నిజమైన ఒకటిన్నర టన్నుకు తగ్గవద్దు. అలాగని రెండు టన్నులకు పోవద్దు. మరీ పెద్ద యంత్రం గదిని గబగబా చల్లార్చి ఆగిపోతుంది, గాలిలోని తేమను లాగేందుకు దానికి వ్యవధి చిక్కదు. తీరానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో ఉక్కపోతదే సగం బాధ కదా. గది చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా ఉందని కొందరు చెప్పేది ఇందువల్లనే.

గది వేడిని బట్టి తన వేగాన్ని మార్చుకొనే ఇన్వర్టర్ రకమే తీసుకో, అందులో సందేహం లేదు. కరెంటు ఆదాను చూపే నక్షత్రాల విషయంలో మాత్రం లెక్క వేసుకొని నిర్ణయించు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున రెండు వందల రాత్రులు అనుకుంటే మీ వాడకానికి దాదాపు సరిపోతుంది. మూడు నక్షత్రాల యంత్రానికీ ఐదు నక్షత్రాల దానికీ మధ్య ఏడాదికి 200 యూనిట్ల తేడా కనిపించిందనుకో. వేసవిలో మీ వాడకం నెలకు 400 యూనిట్లు దాటుతుందన్నావు, 2022 టారిఫ్‌లో ఆ పైన ప్రతి యూనిట్‌కూ 9.75 రూపాయలు పడేది. అన్నీ ఆ ధరకే లెక్క కట్టినా ఏడాదికి 1,950 రూపాయలు మిగులుతాయి. ధరలో తేడా ఎనిమిది వేలైతే నాలుగేళ్లలో తిరిగి వస్తుంది, తీసుకో. పదిహేను వేలైతే మూడు నక్షత్రాలతోనే సరిపెట్టుకోవడం తెలివైన పని. ఎప్పుడో బంధువులు వచ్చినప్పుడు వేసే గదికి ఐదు నక్షత్రాలు దండగ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అది సరిగా వేశారో లేదో చూసుకో. చలికాలంలో వేడి గాలి కూడా ఇచ్చే రకాన్ని బీసెంట్ రోడ్డు దుకాణాల్లో చూపించినా మీకు అవసరం లేదు. మన చలికి దుప్పటి చాలు.

కొత్త యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది ఆర్-32 గ్యాస్. దానికి కొద్దిగా మండే గుణం ఉంది, అందువల్ల దాన్ని పని తెలిసిన మనిషే ముట్టుకోవాలి. ఇక్కడి నుంచి నేను చెప్పేది మరింత శ్రద్ధగా విను, ఎందుకంటే బ్రాండు గురించి నెల రోజులు ఆలోచించినవారు కూడా బిగించే రోజున మెకానిక్‌కు ఇల్లు అప్పగించి ఆఫీసుకు వెళ్లిపోతారు. కొత్త ఏసీల మీద నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బిగింపులో జరిగిన లోపాలే.

గోడలో ఉన్న పాత రాగి గొట్టాలనే వాడదామని, ఖర్చు కలిసి వస్తుందని మెకానిక్ అనవచ్చు. ఒప్పుకోవద్దు. పాత గొట్టాల్లో ఆర్-22 యంత్రపు ఖనిజ నూనె జిడ్డు మిగిలి ఉంటుంది, గ్యాస్‌ను నొక్కి తిప్పే కొత్త కంప్రెసర్‌లోని నూనెకు అది పడదు. పైగా ఆర్-32 దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఒత్తిడి మీద పనిచేస్తుంది, పాత గొట్టాల మందం, చివర్ల అతుకులు దానికి తట్టుకుంటాయన్న హామీ లేదు. యంత్రంతోపాటు వచ్చే గొట్టం సాధారణంగా మూడు మీటర్లే ఉంటుంది, మీకు ఎంత కావాలో ముందే కొలిచి, అదనపు మీటరుకు ధర ఎంతో కొనే రోజే రాయించుకో.

గొట్టాలు కలిపాక గ్యాస్ వదిలే ముందు వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగేయాలి. కొందరు పంపు తీసుకురాకుండా కాస్త గ్యాస్ వదిలి దానితోనే గాలిని బయటకు నెట్టేస్తారు. పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది, మొదటి వేసవి బాగానే నడుస్తుంది. లోపల మిగిలిన తేమ మాత్రం నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. కాబట్టి పంపు ఉంటేనే రమ్మని ముందే ఫోనులో చెప్పు. పంపు కనీసం ఇరవై నిమిషాలు నడవాలి, ఆపిన తర్వాత ఒత్తిడి చూపే మీటరు ముల్లు కాసేపు కదలకుండా నిలవాలి. ముల్లు పైకి జరిగితే ఎక్కడో లీకు ఉన్నట్టు, సబ్బు నీళ్లతో అతుకులన్నీ చూపించమను. నువ్వు పక్కనే నిలబడి చూడు. మంచి పనివాడు దానికి నొచ్చుకోడు.

అవుట్‌డోర్ యూనిట్‌ను పడమటి ఎండలో పెట్టనివ్వకు, మీకు ఉత్తరపు గోడ ఖాళీగా ఉంది. వెనుక గోడకు జానెడైనా ఎడం ఉండాలి, ఎదుట గాలికి ఏ అడ్డూ ఉండకూడదు. సర్వీసుకు వచ్చే మనిషి ప్రాణం పణంగా పెట్టకుండా చేతికి అందే చోటు కావాలి. పై అంతస్తుల్లో బ్రాకెట్ల మీద నిలబడి పనిచేసే కుర్రాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. సింగ్‌నగర్‌లో ఉన్న మీ ఆడపడుచు కూడా కొంటున్నదని రాశావు కనుక ఆమెకు ప్రత్యేకంగా చెప్పు: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ పక్క నేల మీద దిమ్మెలు కట్టి పెట్టిన యూనిట్లు నీట మునిగిపోయాయి, ఆమె ఇంట్లో దాన్ని గోడ మీద ఎత్తుగా బిగించాలి.

డ్రెయిన్ పైపు గోడలోనుంచి బయటివైపుకు వాలుగా దిగాలి, బిగింపు అయ్యాక లోపలి ట్రేలో చెంబెడు నీళ్లు పోయించి అవి ఎటు పోతున్నాయో చూడు. విద్యుత్తు పని వేరే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. మీటరు బోర్డు నుంచి ఆ గదికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి తగిన ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగ్ ఉండాలి. మంజూరైన లోడు చాలకపోతే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు పెట్టండి. స్టెబిలైజర్ అక్కరలేదని కంపెనీ చెబితే, అది ఎంత వోల్టేజీ నుంచి ఎంత వరకో పుస్తకంలో చూసి, సాయంత్రం మీ ఇంట్లో ఎంత వస్తుందో కొలిపించి సరిపోల్చుకోండి. వారంటీలో కంప్రెసర్‌కు పదేళ్లని పెద్ద అక్షరాల్లో వేస్తారు, కాని తరచుగా పోయేది ఎలక్ట్రానిక్ బోర్డు. దానికి ఎన్నేళ్లో అడుగు.

పాత యంత్రాన్ని విప్పేటప్పుడు మెకానిక్‌లు గొట్టం కోసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తుంటారు. అది మంచి పని కాదు. మీ కంప్రెసర్ ఇంకా నడుస్తోంది కాబట్టి పంప్ డౌన్ చేసి, మిగిలిన గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసి తర్వాత విప్పమను. పాత ఇనుము బండికి వేయకుండా, కొన్న దుకాణంలో ఎక్స్చేంజి కింద గానీ, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సంస్థకు గానీ ఇవ్వండి.

ఏప్రిల్ వచ్చిందంటే మంచి మెకానిక్ ఎవరూ రెండు గంటలు ఒకే ఇంట్లో ఉండలేరు, అంతమంది పిలుస్తుంటారు. అందువల్ల శివరాత్రి లోపే బిగింపు పూర్తయ్యేలా చూసుకో. పాత యంత్రం రేకు, నీకు నచ్చిన రెండు మూడు కొత్త యంత్రాల లేబుళ్లు ఫోటోలు తీసి పంపితే చూసి చెబుతాను. బిగించే రోజు ముందుగా తెలియజేస్తే ఉదయం బస్సుకు నేనే వస్తాను. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న