కోడింగ్ రాదని భయపడాల్సిన పని లేదు

ప్రశ్న: మాది రాయగడ. అబ్బాయి మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది. బడిలో ఒడియా మాధ్యమం, ఇంగ్లిష్ అంతంతమాత్రం, కోడింగ్ రాదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ విడిభాగాలను దానంతటదే ఎంచుకునేలా రూల్స్ రాయడం నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని విశాఖలో ఒక సంస్థ అంటోంది. ఫీజుకు అప్పు చేయాలి. ఇందులో చేర్చాలా, బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్‌కు మార్చాలా? తోటివాళ్ల పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదిస్తున్నారు.

జవాబు: మెకానికల్‌లో చేర్పించి పొరపాటు చేశామన్న దిగులే మీ చేత ఈ ఉత్తరం రాయించింది. పొరపాటేమీ లేదు. దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం, సునాబెడాలో విమాన ఇంజన్ల కర్మాగారం, మీ పక్కనే జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉన్నాయి. యంత్రాల చదువుకు విలువ లేదని ఎవరన్నారు?

మీరడిగిన పని మంచిదే. ఇన్వెంటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇందుకోసం ఐలాజిక్ అనే సదుపాయం ఉంది, రూల్స్‌ను వీబీ డాట్ నెట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తారు. రెండు ప్లేట్లు కలిపి 25 మిల్లీమీటర్ల మందం, బిగించేది ఎం12 బోల్టు, అంటే 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది అనుకోండి. వాషరు 2.5, నట్టు 10.8, నట్టు దాటి రెండు థ్రెడ్లకు 3.5. మొత్తం 41.8. ఆ కొలతలో బోల్టు ఉండదు కాబట్టి పైనున్న 45ను ఎంచుకోమని రూలు చెప్పాలి. ప్లేటు మందం మారితే బోల్టూ మారుతుంది. కోడు నాలుగు వరుసలే. ఆ 41.8 ఎలా వచ్చిందో తెలియడమే అసలు విద్య. అది మీ అబ్బాయి చదువులోనే ఉంది, దానికి ఇంగ్లిష్ పాండిత్యం అక్కర్లేదు.

నా అనుమానమంతా ఆ కోర్సు మీదే. ఇలాంటి చోట్ల ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతారు, బోల్టులు, నట్ల కొలతలుండే ప్రామాణిక పట్టికలు చదవడం నేర్పరు. నట్టు ఎత్తు కలపడం మరచిపోతే ఆ రూలు వాడిన ప్రతి డ్రాయింగులోనూ పొట్టి బోల్టే వస్తుంది, సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. అందుకే ఈ బాధ్యత సాధారణంగా కొంతకాలం డ్రాయింగులు చేసి చేయి తిరిగినవారికే అప్పగిస్తారు. ఉద్యోగం ఖాయమంటున్నవారిని ఆ మాట కాగితం మీద రాసి సంతకం చేయమనండి.

అప్పు మాత్రం చేయకండి. ఇన్వెంటర్‌ను విద్యార్థులకు దాని తయారీ సంస్థ ఆటోడెస్క్ ఏడాదిపాటు ఉచితంగా ఇస్తుంది, చదువు సాగుతున్నంత కాలం ఏటా పొడిగించుకోవచ్చు.

మీకు కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. తోటివాళ్ల పిల్లల సంపాదన గురించి రాశారు గానీ మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. నేర్చుకునే అవకాశమే ఇవ్వకుండా కోడింగ్ రాదని తేల్చేశారు. ఆ మాట అతని ముందు ఇక అనకండి.

పై బోల్టు లెక్కకు అతన్నే రూలు రాయనివ్వండి. కంప్యూటర్ సైన్స్ సంగతి ఆ తర్వాత చూద్దాం. ఈసారి ఉత్తరం అతన్నే రాయమనండి.