ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆల్బుమిన్ తగ్గడం దేనికి సంకేతం?

నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, రిపోర్టులో ఆల్బుమిన్ 2.9 వచ్చింది, గుడ్లు పెడితే సరిపోతుందా అని అడిగారు. తిండి ఒక్కటే కారణం కాదండీ. ఆల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్, దాన్ని కాలేయం తయారు చేస్తుంది. మామూలుగా డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉంటుంది. క్యాన్సర్ వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) రగులుతుంటే, రోగనిరోధక కణాలు వగైరా విడుదల చేసే ఐఎల్-6 లాంటి రసాయన సంకేతాలు అందుకున్న కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా, ఆల్బుమిన్‌ను తక్కువగా తయారు చేస్తుంది. రక్తనాళాల్లోంచి కొంత ఆల్బుమిన్ బయటికి జారిపోతుంది కూడా.

అందుకే సీఆర్‌పీ, ఆల్బుమిన్ రెండూ కలిపి చూసి జబ్బు ఎలా సాగుతుందో అంచనా వేసే గ్లాస్గో స్కోరు వచ్చింది. దాని సవరించిన పద్ధతిలో సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. దాటకపోతే 0, దాటితే 1, దాటడంతోపాటు ఆల్బుమిన్ 3.5 కన్నా తగ్గితే 2. స్కోరు పెరిగేకొద్దీ సగటు ఆయుష్షు తగ్గుతుంది.

అయితే ఇది చాలామంది రోగుల మీద తేలిన సగటు, మీ నాన్నగారి జాతకం కాదు. న్యుమోనియా, టీబీ, కాలేయ, కిడ్నీ జబ్బుల్లోనూ ఆల్బుమిన్ పడిపోతుంది. నా దృష్టిలో స్టేజ్, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు చూసే పరీక్షల ఫలితాలు, ఆయన తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా అన్నదే ముందు చూడాలి. గుడ్లు, పప్పు తప్పకుండా పెట్టండి, ఒంటికి బలం. ఇన్‌ఫెక్షన్ ఏదైనా ఉందేమో, బరువు ఎంత తగ్గారో మాత్రం డాక్టరుతో మాట్లాడండి.