ఒళ్ళూ మనసూ రెండూ ఓర్చుకోలేకపోతుంటే

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 32 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ నా ఒళ్ళూ మనసూ రెండూ అతి సున్నితమే. కొత్త చొక్కా మెడ వెనుక లేబుల్ గీసుకుంటుంటే ఆ రోజంతా ధ్యాస దాని మీదే ఉంటుంది. పక్క సీటు వారి సెంటు వాసనకు తల పట్టేస్తుంది, ఎవరైనా పెన్ను టక్కుటక్కుమనిపిస్తుంటే పని ముందుకు సాగదు. మనసు సంగతి అంతకంటే కష్టం. మొన్న మా మేనేజర్ నేనిచ్చిన రిపోర్టు చూసి ‘ఇది ఇంకొకసారి చూడండి’ అన్నారు. అంతే, ఆ రాత్రి మూడు గంటల దాకా నిద్ర పట్టలేదు. ఇంట్లో నాకు ‘అత్తిపత్తి’ అని పేరు పెట్టారు. ‘పట్టించుకోకు’ అని అందరూ అంటారు గాని, పట్టించుకోకుండా ఉండడం ఎలాగో ఎవరూ చెప్పరు. ఇది జబ్బా? ఒంటికీ మనసుకూ ఉన్న ఈ సున్నితత్వాలు రెండూ ఒకటేనా? ఈ మధ్య రోజంతా చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని పనిచేస్తున్నాను. అది మంచిదేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను: పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉన్న సున్నితత్వం జబ్బు కాదు. మానసిక వ్యాధులను నిర్ధారించే గ్రంథాల్లో ఆ పేరుతో ఏ వ్యాధీ లేదు. అది స్వభావంలో ఒక భాగం, ఎత్తూ బరువుల్లాగే మనుషుల్లో ఎక్కువ తక్కువలుగా ఉండేది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ ఆరన్, ఆమె భర్త ఆర్థర్ ఆరన్ 1997లో దీన్ని కొలవడానికి 27 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. పెద్ద శబ్దాలు, ఘాటైన వాసనలు, గరుకు బట్టల గురించి అడిగే ఆ పట్టికే, ఎదుటివారి మనోభావాలు మిమ్మల్ని ఎంతగా కదిలిస్తాయని కూడా అడుగుతుంది. చాలామందిలో ఈ రెండూ కలిసే కనిపిస్తాయి కాబట్టి ఒకే పట్టికలోకి చేరాయి. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో సుమారు 31 శాతం మంది ఎక్కువ సున్నితత్వం, 40 శాతం మంది మధ్యస్థం, 29 శాతం మంది తక్కువ సున్నితత్వం ఉన్నవారిగా తేలారు. కవలల మీద 2020లో వెలువడిన మరో అధ్యయనం, ఈ విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు సగానికి జన్యువులే కారణమని అంచనా వేసింది. మిగతా సగం పెరిగిన తీరూ, బతుకులో ఎదురైన అనుభవాలూ నిర్ణయిస్తాయి.

అయితే ఈ పేరు పట్ల నాకు కొంత జాగ్రత్త ఉంది. ‘నేను సున్నిత మనస్కురాలిని’ అన్న మాట మొదట ఊరటనిస్తుంది, తరువాత మెల్లగా ‘కాబట్టి నా వల్ల కాదు’ అన్న మాటగా మారిపోవడం నా దగ్గరికి వచ్చేవారిలో చాలాసార్లు చూశాను. పైగా ఆ పట్టిక కొలిచేదానిలో కొంత భాగం ఆందోళన స్వభావమేనన్న విమర్శ కూడా ఉంది, అందులో న్యాయం లేకపోలేదు.

ఇక ఒంటికీ మనసుకూ ఉన్న సంబంధం. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త ఎప్లీషియా అనే సముద్రపు నత్త మీద చేసిన ప్రయోగాలను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. (2000లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.) ఆ జీవి నీటిగొట్టాన్ని సుతారంగా తాకితే అది మొప్పను లోపలికి లాక్కుంటుంది. హాని చేయని ఆ తాకిడినే పదేపదే ఇస్తే, అలవాటుపడి స్పందించడం తగ్గించేస్తుంది. కానీ ముందుగా తోకకు ఒక కరెంటు షాక్ ఇచ్చి ఆ తరువాత అంతే సుతారంగా తాకినా, మునుపటి కంటే గట్టిగా ముడుచుకుంటుంది. తాకిడి మారలేదు, దెబ్బ తగిలింది కూడా మరోచోట, అయినా బెదురు ఒళ్ళంతా పాకింది. మన నాడీవ్యవస్థ ఆ నత్త కంటే ఎన్నో రెట్లు క్లిష్టమైనదే అయినా ఈ రెండు గుణాలూ మనలోనూ ఉన్నాయి. పొద్దుటి నుంచీ లేబుల్ గీరుతూ, సెంటు ఘాటు తగులుతూ, పెన్ను శబ్దం వినబడుతూ ఉన్న రోజున, సాయంత్రం మేనేజర్ అన్న మూడు మాటలు మరొక రోజు కంటే లోతుగా గుచ్చుకోవడంలో వింత లేదు. నిద్ర చాలకపోతే అది ఇంకా పెరుగుతుంది. 2007లో జరిగిన ఒక అధ్యయనంలో సుమారు 35 గంటలు మేలుకున్నవారికి మనసును కలచివేసే చిత్రాలు చూపినప్పుడు, మెదడులో భయానికీ ఉద్వేగానికీ సంబంధించిన అమిగ్డలా అనే భాగం, నిద్రపోయినవారిలో కంటే దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించింది. అంటే మీ ఓర్పు హద్దు పుట్టుకతో గీసిన గీత మాత్రమే కాదు, అది రోజును బట్టి కూడా కిందికీ పైకీ జరుగుతుంది.

అందువల్ల ఒంటికి సంబంధించిన చిన్న చిన్న విషయాల్లో మొహమాటపడకండి. లేబుల్ కత్తిరించేయండి, వీలైతే సీటు మార్పించుకోండి, సెంటు సంగతి పక్క సీటు వారితో మర్యాదగా చెప్పండి. వీటిని సహించి చూపడంలో గొప్పేమీ లేదు. ఇయర్‌ప్లగ్‌ల సంగతి మాత్రం వేరు. మోత భరించలేనంతగా ఉన్న చోట వాటిని వాడుకోవడంలో తప్పు లేదు గాని, మామూలు గదిలో రోజంతా పెట్టుకుంటే ఫలితం తిరగబడుతుంది. 2003లో వెలువడిన ఒక ప్రయోగంలో రెండు వారాల పాటు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకున్నవారికి ఆ తరువాత మామూలు శబ్దాలు మునుపటి కంటే పెద్దగా వినిపించాయి. అదే వ్యవధిలో చెవి దగ్గర సన్నని మృదువైన శబ్దాన్ని వింటూ గడిపినవారికి ఓర్పు పెరిగింది. వినబడేది తగ్గేకొద్దీ మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుందన్నమాట. మీరు ఒక్కసారిగా తీసేయవద్దు. రోజూ ఒక గంట చొప్పున తగ్గించుకుంటూ, ఆ వేళలో ఫ్యాను చప్పుడు లాంటి ఒకే తీరు శబ్దాన్ని తోడుగా ఉంచుకోండి.

మనసు విషయానికి వస్తే, ‘పట్టించుకోకు’ అన్న సలహా పనికిరానిదన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మేనేజర్ మాట విన్న క్షణంలో గుండె దడదడలాడడం, గొంతు పట్టేయడం మీ చేతిలో లేవు, వాటిని ఆపబోతే మరింత పెరుగుతాయి. మీ చేతిలో ఉన్నది ఆ తరువాత రాత్రి మూడు గంటల దాకా సాగినది. ఈసారి అలా జరిగినప్పుడు ఒక కాగితం మీద ఆయన అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టుగా రాయండి, కింద మీరు వాటికి చేర్చిన మాటలు రాయండి. పైన మూడు మాటలుంటాయి. కింద ‘నాకు పని రాదని తేల్చేశారు’, ‘అందరిముందూ చులకనయ్యాను’, ‘ఈ ఉద్యోగం ఉండదు’ అంటూ ఎన్ని వరుసలు ఉంటాయో చూడండి. ఆ వరుసలు అబద్ధమని నేను అనడం లేదు, అవి ఇంకా ఎవరూ అనని మాటలు. మర్నాడు వెళ్ళి ‘ఏ భాగం ఇంకోసారి చూడమంటారు?’ అని అడగండి. ‘నా మీద కోపం వచ్చిందా?’ అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు దొరికితే గంటసేపు నెమ్మది కలుగుతుంది, మరుసటి గంటకు మళ్ళీ అడగాలనిపిస్తుంది.

ఇంట్లోవారు పెట్టిన పేరు గురించి ఒక మాట. నిజమైన అత్తిపత్తి కూడా ఎల్లకాలం ముడుచుకోదు, హాని చేయని తాకిడి పదేపదే తగులుతుంటే కొంతసేపటికి ఆకులు విప్పుకునే ఉంటుంది. ఈ సంగతి వాళ్ళతో చెప్పి, ఆ పేరుతో పిలవడం మీకు నచ్చడం లేదని కూడా నవ్వకుండా చెప్పండి. ఇన్ని చేసినా నెలల తరబడి నిద్ర, ఉద్యోగం, స్నేహాలు దెబ్బతింటూనే ఉంటే సైకాలజిస్టును కలవండి. సున్నితత్వం ఎక్కువగా ఉన్నవారు చెడుకే కాదు, మంచికీ ఎక్కువగానే స్పందిస్తారు. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, కుంగుబాటు రాకుండా బడిలో శిక్షణ పొందిన బాలికల్లో ఎక్కువ మేలు కలిగింది సున్నితత్వం ఎక్కువగా ఉన్నవారికే.

ప్రశ్న: నాకు 45 ఏళ్ళు. ఇదివరకు ఏ గోలలోనైనా నిద్రపోయేవాణ్ణి. ఆరు నెలలుగా వెలుతురు, చప్పుడు భరించలేకపోతున్నాను, ఉక్కపోతగా ఉంటోంది, గుండె దడ, చిన్నదానికే కోపం, కన్నీళ్ళు. బరువు కూడా తగ్గాను. మనసు గట్టిపరచుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మనసు సంగతి పక్కన పెట్టి ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌ను కలవండి. పై ఉత్తరం రాసిన పాఠకురాలిది పుట్టుకతో వచ్చిన స్వభావం, మీది కొత్తగా వచ్చిన మార్పు, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. థైరాయిడ్ అతిగా పనిచేస్తే వేడిని ఓర్చుకోలేకపోవడం, దడ, చిరాకు, బరువు తగ్గడం అన్నీ కలిసి రావచ్చు, అది రక్తపరీక్షలో తెలుస్తుంది. వెలుతురు, చప్పుడు పడకపోవడంతో పాటు తలనొప్పి కూడా ఉంటే మైగ్రేన్ గురించి చూడాలి. ఈ మధ్య తలకు దెబ్బ తగిలి ఉన్నా, కొత్త మందులు మొదలుపెట్టినా, కుంగుబాటు ఉన్నా ఇలా జరిగే వీలుంది. బట్ట తగిలినా చర్మం నొప్పి పుడుతుంటే అది నాడులకు సంబంధించిన సమస్య కావచ్చు, దాన్ని విడిగా చెప్పండి. వెళ్ళేటప్పుడు ఈ లక్షణాల్లో ఏది ముందు మొదలైంది, ఎంత బరువు తగ్గారు, ఏయే మందులు వాడుతున్నారు అన్నవి ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి. పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయని తేలితే అప్పుడు మళ్ళీ రాయండి, మనసు సంగతి మాట్లాడుకుందాం.