రాళ్ల మీద జీవాల లెక్క

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లల్ని జీవవైవిధ్యం చూపిద్దామని విశాఖ దగ్గర సముద్రతీరంలోని మంగమారిపేట రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. గవ్వలు ఏరుకున్నారు, ఫొటోలు దిగారు, అంతే. దీన్నో ప్రాజెక్టుగా మార్చడం ఎలా?
– ఒక సైన్సు టీచరు, మధురవాడ

జవాబు: ఏరడం మాన్పించి లెక్కపెట్టించండి. అరంగుళం పీవీసీ పైపు ముక్కలు నాలుగు, ఎల్బోలు (మూలల్లో బిగించే వంపు ముక్కలు) నాలుగు తీసుకుని, రాళ్ల మీద పెట్టి లోపలి జీవాల్ని లెక్కపెట్టడానికి ఒక చదరపు చట్రం బిగించండి. లోపలి కొలత 50 సెంటీమీటర్లు ఉండాలి. పది సెంటీమీటర్లకో బెజ్జం పెట్టి నైలాన్ దారం అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు కడితే 25 గళ్లు వస్తాయి. ఆ బెజ్జాల్లోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి కాబట్టి చట్రం తేలిపోదు.

రోజు ఎంపికలోనే చాలామంది పొరపాటు పడతారు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా వెనక్కి తగ్గుతుంది. సప్తమి, అష్టమి రోజుల్లో వెళ్తే సగం రాళ్లు నీళ్లలోనే ఉంటాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల పట్టికలో సమయం చూసుకోండి. నీరు పూర్తిగా తగ్గడానికి గంటన్నర ముందే మొదలుపెట్టి, మళ్లీ పోటెక్కడం మొదలవగానే పిల్లల్ని వెనక్కి తెచ్చేయాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఒడ్డు వైపు రాయి నుంచి నీటి అంచు దాకా పది మీటర్ల తాడు పరచండి. సున్నా దగ్గర మొదలుపెట్టి రెండేసి మీటర్లకోసారి, మొత్తం ఆరు చోట్ల చట్రం పెట్టండి. పిల్లల్ని వదిలేస్తే జీవాలు ఎక్కువగా కనిపించే చోటే పెడతారు, లెక్క పాడవుతుంది.

ముందు నిటారుగా పైనుంచి ఫొటో తీయించి, తర్వాత లెక్క మొదలుపెట్టండి. నత్తలు, పీతలైతే ఒక్కొక్కటిగా లెక్కించాలి. నాచు, బార్నకిల్స్ (రాళ్లకు అతుక్కుని ఉండే చిన్న గుల్ల జీవాలు) అయితే ఎన్ని గళ్లలో ఉన్నాయో రాస్తే చాలు. చిన్న అగ్నిపర్వతంలా కనిపించే బార్నకిల్ నోటికి మూత ఉంటే బతికున్నట్టు, ఖాళీ గుంటే ఉంటే చచ్చినట్టు. ఇది చెప్పకపోతే గుల్లలన్నీ లెక్కలో కలిపేస్తారు. గవ్వ గబగబా నడుస్తుంటే అందులో ఉన్నది నత్త కాదు, సన్యాసి పీత.

తిప్పిన రాయిని మళ్లీ అలాగే బోర్లించాలి, లేకపోతే అడుగున ఉన్నవి ఎండకి చస్తాయి. కోన్ ఆకారపు గవ్వల్ని ముట్టనివ్వకండి, వాటిలో విషపు ముల్లుంటుంది. పచ్చటి నాచు మీద చెప్పులు జారతాయి, రబ్బరు అడుగున్న బూట్లే వేయించండి.

పేర్లు తెలియనివాటి ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (జీవాల ఫొటోలు పెడితే గుర్తుపట్టడానికి సాయపడే వెబ్‌సైటు) మీ ఖాతా నుంచి పెట్టండి. తాడు రెండు కొసలనూ చుట్టుపక్కల గుర్తులతో ఫొటో తీసి ఉంచుకుంటే, వర్షాకాలం వెళ్లాక అదే చోట మళ్లీ లెక్కపెట్టించొచ్చు. రాయి మీద రంగు మాత్రం పూయకండి.